క్విజ్‌మాస్టర్ దగ్గరున్న జవాబే తప్పైతే ఆ పాయింట్లు ఎవరివి?

ఎడమ బల్ల (బెంగళూరు) అడిగిన ప్రశ్న

నమస్కారం. గత నెల బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అక్కడి తెలుగువాళ్లు కలిసి పెట్టుకున్న తెలుగు క్విజ్ ఫైనల్లో మా జట్టుకు ఎదురైన ఒక సంగతి గురించి అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను. నిర్వాహకుల పేరు గానీ క్విజ్‌మాస్టర్ గారి పేరు గానీ బయటపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన శ్రద్ధగా ప్రశ్నలు తయారుచేసే మనిషి, మిగిలిన ఇరవై మూడు ప్రశ్నల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆరు జట్లు, ఇరవై నాలుగు ప్రశ్నలు, పౌన్స్‌తో కూడిన ఇన్ఫినిట్ బౌన్స్ పద్ధతి. ఒక జట్టు చెప్పలేని ప్రశ్న పక్క జట్టుకు వెళ్లడం బౌన్స్, తమ వంతు కోసం ఆగకుండా ముందే జవాబును స్లిప్ మీద రాసివ్వడం పౌన్స్. పౌన్స్ సరైతే పది, తప్పైతే మైనస్ అయిదు. బౌన్స్‌లో చెబితే పది, తప్పినా నష్టం లేదు. మాది ఒకటో నంబరు జట్టు. పదిహేడో ప్రశ్న తొలి తెలుగు టాకీ ఏ సంవత్సరంలో విడుదలైందని. డైరెక్ట్, అంటే మొదట చెప్పే వంతు, రెండో జట్టుది. నేను ఏమాత్రం తడుముకోకుండా స్లిప్ మీద 1932 అని రాసి వాలంటీరు చేతిలో పెట్టాను. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని మనమందరం చిన్నప్పటి నుంచి చదువుకున్నదే అయినా, ఆ తేదీ సరికాదనీ, అసలు విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో జరిగిందనీ పరిశోధకులు ఆధారాలతో చూపించి చాలా ఏళ్లయింది. రెండో జట్టు, మూడో జట్టు పాస్ అన్నాయి. నాలుగో జట్టు 1931 అన్నది. క్విజ్‌మాస్టర్ గారు సరైన జవాబంటూ వాళ్లకు పది ఇచ్చి, మా స్లిప్ చూసి అయిదు కోశారు.

నేను లేచి అభ్యంతరం చెప్పాను. తన షీటులో 1931 అనే ఉందని ఆయన అన్నారు. ఫోన్ తీసి చూపించబోతే పోటీదారులు హాల్లో ఫోన్ ముట్టుకోకూడదన్నారు, అదీ న్యాయమే. ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఆయన ప్రేక్షకుల వైపు తిరిగి, 1931 అనుకునేవారు చేతులెత్తండి అన్నారు. హాలు హాలంతా చేతులెత్తింది. నలభై చేతుల ముందు నేను ఒక్కణ్ణీ నిలబడి ఉండగా పద్దెనిమిదో ప్రశ్న స్లైడు తెర మీదికి వచ్చేసింది.

చివరికి నాలుగో జట్టు 90తో గెలిచింది, మేము 75తో రెండో స్థానంలో నిలిచాము. మా మైనస్ అయిదు తీసేసి పది కలిపితే మాకు 90, వాళ్ల పది తీసేస్తే వాళ్లకు 80. అంటే ఆ ఒక్క ప్రశ్నతో కప్పు చేతులు మారింది. నేను అడగదలచినవి రెండే. ఇలాంటప్పుడు అభ్యంతరం ఎప్పుడు, ఎలా చెప్పాలి? జవాబు తప్పని తర్వాత రుజువైతే ఫలితాన్ని సవరించమని అడగడం సబబేనా, లేక అది ఓడినవాడి ఏడుపు కింద లెక్కా?

పాత మైకు (చెన్నై)

ముందుగా చేతులెత్తించిన సంగతి. క్విజ్‌లో అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉండదు. పదిమందికీ తెలియని జవాబు చెప్పినవాడికి పాయింట్లు ఇవ్వడానికే కదా మనం క్విజ్ పెట్టుకునేది? పాత తేదీ చదువుకున్నవాళ్లు నలభై మంది ఉంటే పాత తేదీకి నలభై ఓట్లు పడతాయి, అంతకుమించి అక్కడ తేలేదేమీ లేదు. ప్రేక్షకుల్లో ఎవరైనా గట్టిగా తెలిసినవారు చెయ్యెత్తి కారణం చెబితే వినవచ్చు. చెన్నైలో పంద్రాగస్టు నాడు మ్యూజిక్ అకాడమీలో ల్యాండ్‌మార్క్ క్విజ్ జరిగే రోజుల్లో వేదిక మీద ఉన్నవాళ్లకంటే కింద కూర్చున్నవాళ్లకే ఎక్కువ తెలిసిన సందర్భాలుండేవి. కాని వినడం వేరు, ఓటింగు పెట్టడం వేరు.

ఇక అభ్యంతరం విషయం. నేను మైకు పట్టుకున్న ప్రతిచోటా మొదటి ప్రశ్నకు ముందే ఒక మాట చెబుతాను: జవాబు ప్రకటించిన తర్వాత, తర్వాతి ప్రశ్న చదవడం మొదలుపెట్టే లోపల, జట్టు తరఫున ఒక్కరే, ఒక్క వాక్యంలో కారణం చెప్పాలి. ‘మాది కూడా కరెక్టే’ అంటే కారణం కాదు. ‘మీరు చెప్పిన తేదీ నాటికి ఆ చిత్రానికి సెన్సార్ సర్టిఫికెట్టే లేదు’ అంటే అది కారణం. అలాంటి మాట వినబడితే క్విజ్‌మాస్టర్ ఆగి తీరాలి. పోటీదారుల ఫోను కాకుండా స్కోరర్ దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో, రెండు నిమిషాల గడువు పెట్టుకుని వెతికించాలి. వెతికేటప్పుడు ఎన్ని చోట్ల ఉందన్నది కాకుండా ఏ ఆధారం మీద రాశారన్నది చూడాలి, ఎందుకంటే ఒకరి తప్పును ఒకరు ఎత్తిరాసుకుంటూ పోయిన పేజీలు వంద కనబడ్డా అవన్నీ ఒక్క సాక్షి కిందే లెక్క. రెండు నిమిషాల్లో తేలకపోతే ఆ ప్రశ్నను రద్దుచేసి, జేబులో ఉంచుకున్న అదనపు ప్రశ్నను అదే జట్టు నుంచి మొదలుపెట్టి అడగాలి. అదనపు ప్రశ్నలు మూడైనా లేకుండా ఫైనల్‌కు వచ్చే క్విజ్‌మాస్టర్ గొడుగు లేకుండా నవంబరులో చెన్నై వచ్చినవాడితో సమానం.

ఈ బుద్ధి నాకు ఊరికే రాలేదు. చాలాకాలం క్రితం ఒక కాలేజీ క్విజ్‌లో ‘ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు’ అని అడిగాను. నా మనసులో ఉన్నది 1956 నవంబర్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్, నా షీటులో ఉన్న పేరు నీలం సంజీవరెడ్డి. ఒక జట్టు టంగుటూరి ప్రకాశం అని రాసిచ్చింది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆయనే తొలి ముఖ్యమంత్రి. నేను ‘ఆంధ్ర’ అని మాత్రమే అన్నాను కాబట్టి నిజానికి నా జవాబుకంటే వాళ్ల జవాబే నా ప్రశ్నకు దగ్గరగా ఉంది. అది చాలదన్నట్టు మరో జట్టు స్లిప్ మీద ‘రెడ్డి’ అని ఒక్క ముక్కే రాసింది. నోటితో చెప్పి ఉంటే ‘ఏ రెడ్డి?’ అని అడిగేవాణ్ణి. స్లిప్‌ను ఎలా అడుగుతాం? ప్రకాశం గారికీ సంజీవరెడ్డి గారికీ మధ్య, 1955 నుంచి 1956 దాకా, బెజవాడ గోపాలరెడ్డి గారు కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు మరి. ప్రకాశానికీ సంజీవరెడ్డికీ పాయింట్లు ఇచ్చి, వట్టి రెడ్డికి ఇవ్వలేదు. ఆ కుర్రవాడు భోజనాల దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పౌన్స్ స్లిప్ మీద ఇంటిపేరు ఒక్కటే చాలదని ముందే చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మీ విషయంలో మీరు సమయానికే లేచారు, కారణమూ చెప్పారు. తప్పు నిర్వహణది. కాని ఇప్పుడు, నెల తర్వాత, కప్పు అడగడం నాకు సమ్మతం కాదు.

తెల్లబోర్డు (జయనగర్, బెంగళూరు)

నేను ఎక్కువగా స్కోరు రాసే వైపు కూర్చుంటాను కాబట్టి మీ 90, 80 లెక్క దగ్గర ఆగిపోయాను. ఆ లెక్క సరైనది కాదండీ.

ఇన్ఫినిట్ బౌన్స్‌లో ఒక ప్రశ్నకు పడిన తీర్పు ఆ ప్రశ్నతో ముగియదు, బౌన్స్‌లో జవాబు చెప్పిన జట్టుకు పక్కనున్న జట్టు నుంచే తర్వాతి ప్రశ్న మొదలవుతుంది. పదిహేడో ప్రశ్న రెండో జట్టుకు డైరెక్ట్ అన్నారు. నాలుగో జట్టు చెప్పిన 1931ని ఒప్పుకున్నారు కాబట్టి పద్దెనిమిదో ప్రశ్న అయిదో జట్టుకు వెళ్లింది. 1931 తప్పని తీర్పిచ్చి ఉంటే ఆ ప్రశ్న అయిదు, ఆరు జట్ల దాకా నడిచేది. మీరు పౌన్స్ చేశారు కాబట్టి మీ వరకూ రాదు. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు 1932 అని ఉంటే పద్దెనిమిదో ప్రశ్న వారి పక్క జట్టుకు, ఎవరూ అనకపోతే డైరెక్ట్ అందుకున్న రెండో జట్టుకు పక్కనున్న మూడో జట్టుకు వెళ్లేది. అప్పుడు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా ఏడు ప్రశ్నలూ వేరే జట్ల ముందు వాలేవి. మీకు డైరెక్ట్‌గా వచ్చి మీరు పది సంపాదించిన ప్రశ్న మీ దాకా రాకుండానే పోయి ఉండవచ్చు, నాలుగో జట్టు వదిలేసినది వాళ్ల చేతికే మళ్లీ వచ్చి ఉండవచ్చు. కాబట్టి ఆ ప్రశ్న వల్ల మీకు అన్యాయం జరిగిందని చెప్పవచ్చు గానీ, మీరే గెలిచేవారని చెప్పడానికి వీల్లేదు. ఏడు ప్రశ్నల తర్వాత ఆ పోటీని మళ్లీ నడపడం ఎవరి తరమూ కాదు. తర్వాతి ప్రశ్నకు ముందే తేల్చాలని పైన పెద్దాయన అన్నదానికి అసలు కారణం ఇదే.

రాతపరీక్షలాగా జరిగే పోటీల్లో ఈ చిక్కు లేదు. 2003 నుంచి జరుగుతున్న ప్రపంచ క్విజ్ ఛాంపియన్‌షిప్‌లో ఎవరి కాగితం వాళ్లదే, ఒకరి జవాబు వల్ల మరొకరికి వెళ్లే ప్రశ్న మారదు, అందుకని తర్వాత కూడా ఒక పాయింటు అటూ ఇటూ సవరించుకోవచ్చు. అమెరికాలో విద్యార్థులు ఆడే క్విజ్‌బౌల్‌లో బజర్ ఆట ఉన్నా, అక్కడ ఫిర్యాదుకు రాతపూర్వకమైన నియమాలున్నాయి. వాటిలో నాకు నచ్చినది ఒకటుంది: ఆ ఫిర్యాదు నెగ్గితే గెలుపోటములు మారే అవకాశం ఉన్నప్పుడే దాన్ని విచారిస్తారు, లేదంటే పక్కన పెట్టేస్తారు. వాళ్ల ప్రశ్నపత్రంలో ప్రతి జవాబు కింద ఏయే రూపాలను ఒప్పుకోవాలో, ఏది చెబితే ‘ఇంకాస్త వివరంగా చెప్పండి’ అని అడగాలో ముందే రాసి ఉంటుంది. మన దగ్గర జవాబు స్లైడులో ఒక బొమ్మ, ఒక పేరు తప్ప ఇంకేమీ ఉండదు. కర్ణాటక క్విజ్ అసోసియేషన్ 1983లో మొదలైంది. అంటే ఈ ఊళ్లో క్విజ్‌లు వరస తప్పకుండా జరగబట్టి నలభై ఏళ్లు దాటింది, అయినా వారాంతపు చిన్న క్విజ్‌లకు ఒక పేజీ నియమావళి రాసుకునే అలవాటు మనకు ఇంకా అబ్బలేదు.

తప్పు జవాబును ఒప్పుకున్నాక ఏం చేయాలన్నదానికి ఒక పాత ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో మిలియనీర్ టీవీ క్విజ్‌లో 1999లో, టెన్నిస్‌లో ఒక సెట్ గెలవడానికి ఆటగాడు కనీసం ఎన్నిసార్లు బంతిని కొట్టాలి అని అడిగారు. పోటీదారు 24 అన్నాడు, కార్యక్రమం ఒప్పుకుంది. ఆరు గేములు, గేముకు నాలుగు పాయింట్లు కాబట్టి ఇరవై నాలుగే కదా అనిపిస్తుంది. కాని మూడు గేముల్లో సర్వీసు మనది, అన్నీ ఎదుటివాడు అందుకోలేని ఏస్‌లైతే పన్నెండు దెబ్బలు. మిగతా మూడింటిలో సర్వీసు ఎదుటివాడిది, వాడు వరసగా డబుల్ ఫాల్ట్‌లు చేస్తే, అంటే ప్రతి పాయింటుకూ రెండు సర్వీసులూ తప్పితే, మనం రాకెట్ ఎత్తనక్కర్లేదు. అసలు జవాబు 12. పొరపాటు బయటపడిన తర్వాత కూడా ఆ పోటీదారు గెలిచిన డబ్బును వెనక్కి తీసుకోలేదు. నాకు అది సమంజసంగానే అనిపించింది, తప్పు ప్రశ్న తయారుచేసినవారిది కాబట్టి.

చివరి బౌన్స్ (బెంగళూరు)

నేను అందరితోనూ విభేదిస్తున్నాను, మన్నించండి. క్విజ్‌మాస్టర్ మాటే తుది మాట అని మొదట్లోనే ఒప్పుకుని కూర్చున్నాక ఇంత చర్చ అనవసరం. ఆదివారం మధ్యాహ్నం సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర ఈదుకుంటూ వచ్చేది ప్రశ్నల కోసం, వాదనల కోసం కాదు. ప్రతి మూడో ప్రశ్నకూ లేచి నిలబడే జట్లను నేను చాలా చూశాను. వాళ్లలో చాలామందికి కావలసింది నిజం కాదు, తొందరపడి పారేసుకున్న మైనస్ అయిదు.

అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, కొన్ని ప్రశ్నలు పుట్టుకతోనే గొడవ ప్రశ్నలు. అత్యధిక ఉపగ్రహాలున్న గ్రహం ఏదంటే 2023 ఫిబ్రవరిలో 92తో గురుడు, అదే ఏడాది మే నెలకు 145తో మళ్లీ శని, 2025 మార్చికి శని లెక్క 274. జనవరిలో తయారుచేసిన స్లైడును జూన్‌లో వాడే క్విజ్‌మాస్టర్ కనీసం ‘ఫలానా తేదీ నాటికి’ అని ఒక ముక్క రాసుకోవాలి. అంతవరకే.

టూరింగ్ టాకీసు (చెన్నై)

పాత సినిమాల మీద ఆసక్తి ఉన్నవాణ్ణి కాబట్టి సినిమా వైపు నుంచి ఒక మాట.

‘భక్త ప్రహ్లాద’ గురించి మీరు రాసినది నిజమే. సెప్టెంబర్ 15 అన్న తేదీని ఎన్నో ఏళ్లు తెలుగు సినిమా పుట్టినరోజుగా జరుపుకున్నారు గాని, ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సార్ సర్టిఫికెట్ దొరికింది 1932 జనవరి 22న. సెన్సార్ కాని బొమ్మ నాలుగు నెలల ముందు థియేటర్లో ఎలా ఆడుతుంది? ఈ ఒక్క ముక్క చాలు 1931ని కొట్టివేయడానికి. పాత మైకు గారు ఉదాహరణకు చెప్పిన వాక్యం సరిగ్గా ఇదే, మీరు ఆ రోజు హాల్లో చెప్పారా లేదా అన్నది మాత్రం మీ పోస్టులో కనబడలేదు.

కాని నాకు వేరే అనుమానం. స్లైడు మీద అచ్చంగా ఏ మాటలున్నాయి? మీరు గుర్తున్నంతవరకు రాసినట్టుంది. ఎందుకు అడుగుతున్నానంటే, 1931 అక్టోబర్ 31న మద్రాసులో ‘కాళిదాస్’ విడుదలైంది. తొలి తమిళ టాకీగా దాన్ని చెప్పుకుంటారు, అయినా అందులో కథానాయిక తమిళంలో మాట్లాడితే కథానాయకుడు తెలుగులో బదులిస్తాడు, త్యాగరాజ కీర్తనలు కూడా ఉన్నాయి. రెండు చిత్రాలకూ దర్శకుడు హెచ్‌.ఎం.రెడ్డిగారే. ‘తొలి పూర్తి తెలుగు టాకీ’ అని స్లైడు మీద ఉంటే మీరు నూటికి నూరుపాళ్లు సరైనవారు. తెలుగు మాట తెర మీద మొదట వినిపించింది ఎప్పుడన్న అర్థంలో ఉంటే మాత్రం 1931 అన్న జవాబును కొట్టిపారేయలేము.

ఎడమ బల్ల (బెంగళూరు)

అందరికీ కృతజ్ఞతలు. టూరింగ్ టాకీసు గారి ప్రశ్న చదివాక రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మా జట్టులో ఒకతను ఫైనల్‌కు వచ్చిన తన తమ్ముడి చేత అన్ని స్లైడులనూ ఫోటోలు తీయించాడని గుర్తొచ్చి ఉదయాన్నే అడిగాను. పదిహేడో స్లైడు మీద ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు ఇది: ‘హెచ్‌.ఎం.రెడ్డి దర్శకత్వంలో తెలుగువారు తమ మాటను వెండితెర మీద తొలిసారి విన్నది ఏ సంవత్సరంలో?’

తొలి తెలుగు టాకీ అన్న మాట ఆ స్లైడు మీద ఎక్కడా లేదు. అది నేనే చదువుకున్నాను. చదవడం పూర్తికాకముందే కలం అందుకున్నాను, నెల తర్వాత ఇక్కడ ప్రశ్న రాసేటప్పుడు కూడా నాకు గుర్తున్నది నా ఊహే గాని వారి వాక్యం కాదు.

ఆ వాక్యానికి 1931 సరైన జవాబే. కాని దాని వెనకనే ఉన్న జవాబు స్లైడులో పెద్ద అక్షరాలతో ‘భక్త ప్రహ్లాద, 1931 సెప్టెంబర్ 15’ అని ఉంది. అంటే క్విజ్‌మాస్టర్ గారు తప్పు సినిమా, తప్పు తేదీ మనసులో పెట్టుకుని సరైన సంవత్సరాన్ని ఒప్పుకున్నారు. నేను సరైన సినిమా చరిత్ర తెలిసి, అడగని ప్రశ్నకు జవాబు రాశాను. సెన్సార్ మాట ఆ రోజు నేను చెప్పలేదు, నాకు తేదీ తెలుసు గాని కారణం తెలియదు. నాలుగో జట్టు కెప్టెన్ మా ఆఫీసు ఉన్న టెక్‌పార్కులోనే పనిచేస్తాడు. నిన్న లిఫ్ట్ దగ్గర కలిసినప్పుడు, మీరు ఏ సినిమా అనుకుని 1931 అన్నారని అడిగాను. నవ్వి, ‘భక్త ప్రహ్లాదే, ఇంకేముంది?’ అన్నాడు. అడిగింది సంవత్సరం కాబట్టి సినిమా పేరు చెప్పే అవసరం వాళ్లకు రాలేదు.

తెల్లబోర్డు గారు వివరించాక కప్పు ఆలోచన ఎలాగూ పోయింది, ఈ ఫోటో చూశాక మైనస్ అయిదు మీద కూడా నోరెత్తే హక్కు నాకు లేదనిపించింది. క్విజ్‌మాస్టర్ గారికి మాత్రం ఒక ఉత్తరం రాశాను. పాయింట్ల ప్రస్తావన లేకుండా, ఆ జవాబు స్లైడులో సినిమా, తేదీ మార్చమనీ, ఇకముందు ప్రేక్షకుల చేత చేతులెత్తించవద్దనీ కోరాను. ఆయన గంటలోపే బదులిచ్చారు. చేతులెత్తించడం తనకే తర్వాత సిగ్గనిపించిందన్నారు, అదే ప్రశ్నల సెట్టును ఉగాదికి మరోచోట వాడబోతున్నందున పదిహేడో ప్రశ్నను ఏ వంకా లేకుండా నన్నే తిరగరాసి పంపమన్నారు.

నాలుగు రోజులుగా రాస్తున్నాను. ‘తొలి’ అన్న మాట లేకుండా రాయడం ఇంకా కుదరలేదు.